రచయిత చేత చదివించండి

తెలుగు రచయితల వీడియోలకు యూట్యూబ్‌లో ఇప్పుడు కొదవ లేదు. ఇంటర్వ్యూలున్నాయి, ఆవిష్కరణ సభలున్నాయి, 2020 లాక్‌డౌన్‌లో అలవాటై ఆ తర్వాత కూడా సాగుతున్న జూమ్ సమావేశాలున్నాయి. ఇన్ని గంటల వీడియోల్లో రచయిత తన పుస్తకం తెరిచి తన గొంతుతో నాలుగు పేజీలు చదివిన సందర్భం మాత్రం వెతికితే గానీ దొరకదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల రచయితల విషయంలో ఈ లోటు మరీ పెద్దదని నా అభిప్రాయం. ఇక్కడి కథకు ప్రాణం యాసలో ఉంది. అచ్చయిన పేజీ ఆ యాసలో సగమే మోయగలదు.

'అట్టా', 'ఇట్టా', 'యాడికి', 'ఏందబ్బా' అని కాగితం మీద రాయొచ్చు. ఆ 'ఏందబ్బా' కోపంతో అన్నదా, ముద్దుగా అన్నదా, చివర ఎంత సాగిందీ అన్నది మాత్రం అక్షరాల్లోకి రాదు. కావలి వాడైన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'ను శ్రీకాకుళం పాఠకుడు తన ఊరి రాగంలో చదువుకుంటాడు, కరీంనగర్ పాఠకుడు తన రాగంలో చదువుకుంటాడు. కథ ఇద్దరికీ అందుతుంది. వాక్యం ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ దించాలో మాత్రం ఆ గాలిలో పెరిగిన గొంతుకే తెలుసు. పెన్నకు ఇటువైపు పుట్టిన వాళ్లం ఆ పేజీలు చదువుతుంటే మనకు తెలియకుండానే గొంతు మారిపోతుంది. ఆ మార్పు బయటివాళ్లకు వినిపించాలంటే ఎవరో ఒకరు చదవాలి. రాసిన మనిషి కంటే అందుకు తగినవారు ఎవరు?

ప్రకాశం జిల్లా సంగతి ఇంకా చిత్రమైంది. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టుకున్న ఈ జిల్లాను మూడు జిల్లాల ముక్కలతో కూర్చారు. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 2022 నుంచి సరిహద్దులు మళ్లీ మారాయి. ఎన్నిసార్లు గీతలు మార్చినా గిద్దలూరు మనిషి మాటలో సీమ పలుకు పోలేదు, అద్దంకి మనిషి మాటలో గుంటూరు వేగం పోలేదు. పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన సూళ్లూరుపేట, తడ వైపు వెళ్తే తమిళం ఛాయ తగులుతుంది. ఇంత వైవిధ్యాన్ని 'నెల్లూరు, ఒంగోలు యాస' అని ఒకే మాటలో తేల్చేస్తున్నాం. ఒక్కో చోటు నుంచి ఒక్కో రచయిత పది నిమిషాలు చదివిన వీడియోలు పక్కపక్కన ఉంటే, ఏ భాషాశాస్త్ర గ్రంథమూ తెరవకుండానే ఆ తేడా చెవికి తెలిసిపోతుంది.

వినడం మనకు కొత్త కాదు. తిక్కన చెబుతుంటే గురునాథుడు రాశాడని ఐతిహ్యం. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉంటూ తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు చెప్పాడు. ఆ పద్యాల్లో సంభాషణ అంత బలంగా ఉంది కాబట్టే అవి చదివించుకుని వింటేనే ఎక్కువ రుచిస్తాయి. నిన్నమొన్నటి దాకా పల్లెల్లో తెల్లవార్లూ నాటకం చూసి, పద్యం నచ్చితే వన్స్‌మోర్ కొట్టిన జనం మనవాళ్లు. పద్యానికి ఉన్న ఈ భాగ్యం వచనానికి దక్కలేదు. కథను, నవలను కంటితో చదివి పక్కన పెట్టేయడమే మనకు అలవాటైంది. సభల్లో కథ గురించి మాట్లాడతారు, కథ చదవరు.

ఆవిష్కరణ సభ ఎలా నడుస్తుందో సాహిత్యం మీద ఇష్టమున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. జ్యోతి ప్రజ్వలన అవుతుంది. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వరసగా మాట్లాడతారు. వాళ్లలో పుస్తకం పూర్తిగా చదివినవారు ఒకరో ఇద్దరో ఉంటారు. శాలువాలు కప్పుతారు, మెమెంటోలు ఇస్తారు, గ్రూప్ ఫొటో దిగుతారు. రచయితకు మైకు అందేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. 'రచయిత స్పందన' పేరుతో ఆయన వచ్చినవాళ్లందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చుంటారు. మూడు గంటల ఆ కార్యక్రమాన్ని ఉన్నదున్నట్టు ఛానల్‌లో పెడతారు. చూసేవాడికి ఆ పుస్తకంలోని ఒక్క వాక్యం కూడా అందదు. పుస్తకం కోసం డబ్బు ఖర్చుపెట్టుకుని, ఏళ్ల తరబడి కష్టపడిన మనిషికి జరుగుతున్న అన్యాయమిది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంటర్వ్యూల్లో మరో రకం ఇబ్బంది ఉంది. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు రాయడం మొదలుపెట్టారు, ఎవరి ప్రభావం ఉంది, ఏ అవార్డులు వచ్చాయి, ఫలానా వివాదం మీద మీరేమంటారు. ఈ ప్రశ్నలన్నీ రచయిత జీవితం చుట్టూ తిరుగుతాయి. ఇప్పుడు షార్ట్స్ వచ్చాక అర నిమిషానికి పనికొచ్చే ఘాటు మాట కోసం వెతుకులాట ఎక్కువైంది. మనిషి గురించి తెలుసుకోవడం తప్పేమీ కాదు, కానీ పేజీ లేని చర్చ ఎంతసేపు సాగినా సాహిత్య చర్చ కాదు. రచయిత రెండు పేజీలు చదివాక అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉంటాయి. ఈ పేరాతో ఎందుకు మొదలుపెట్టారు? ఈ పాత్ర ఇక్కడ ఎందుకు మాట్లాడలేదు? మొదటి ప్రతిలో ఈ చోట ఏముంది, ఎందుకు కొట్టేశారు? అలాంటి ప్రశ్నకు వచ్చే జవాబు, రాయాలని తపించే కుర్రవాడికి వర్క్‌షాప్ అంత పని చేస్తుంది.

ఆ కుర్రవాడు ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఉండొచ్చు. విజయవాడలో 1989 నుంచి పుస్తక మహోత్సవం జరుగుతోంది, అక్కడ రచయితలు కనిపిస్తారు, వినిపిస్తారు. నెల్లూరు నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. హైదరాబాద్ ఇంకా దూరం. ఫోన్‌లో వీడియో ఆ దూరాన్ని నిజంగానే తగ్గించింది. అందుకే ఆ వీడియోలో ఏముందన్నది ఇంత పట్టించుకోవలసిన విషయమైంది.

రచయిత గొంతును భద్రపరచాలన్న ఆలోచన పాతదే. 1952లో అమెరికాలో కేడ్‌మన్ అనే రికార్డుల సంస్థ ఇంగ్లీషు కవి డిలన్ థామస్ కవితలను ఆయన చేతే చదివించి రికార్డుగా తెచ్చింది. మనవాళ్లూ ఊరుకోలేదు. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి 'మహాప్రస్థానం'ను శ్రీశ్రీ చేతిరాతతో ముద్రించి, ఆయన గొంతుతో క్యాసెట్ కూడా తెచ్చారు. ఆ చదువు విన్నాక ఆ కవితల్ని పుస్తకంలో చూసే తీరే మారిపోయిందని చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి ఎందరో రచయితలను మైకు ముందు కూర్చోబెట్టింది. పాత తెలుగు రేడియో రికార్డింగులను వెతికి పట్టుకుని వినిపిస్తున్న 'ఈమాట' పత్రిక కృషికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. అవన్నీ ఎవరో ఒకరు పట్టుబట్టి చేసిన పనులు.

మరి మన దగ్గర? పద్యాల నడుములు విరగదంతానని 1939లో 'ఫిడేలు రాగాల డజన్'తో వచ్చిన పఠాభి నెల్లూరు వాడు. తెలుగు మధ్యలో ఇంగ్లీషు మాటలు దూర్చి, లయను విరిచి, మళ్లీ కట్టిన ఆ కవితలను ఆయన ఏ స్వరంలో చదివేవాడో వినాలని నాకు చాలా కోరిక. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో అచ్చులో తెలియని కవిత్వం అది. ఆయన 2006లో వెళ్లిపోయారు. కావలి జవహర్ భారతి కాలేజీలో పాఠాలు చెప్పిన కవి, విమర్శకుడు కె.వి. రమణారెడ్డి 1998లో పోయారు. ఆయన గొంతు శిష్యుల జ్ఞాపకాల్లో ఉంది, తర్వాతి తరానికి దొరికేది పుస్తకమే. వాళ్ల కాలంలో వీడియో తీయడం ఖర్చుతో కూడిన పని. ఇప్పుడు ఆ సాకు లేదు.

అందరు రచయితలూ బాగా చదవరు, నిజమే. కొందరు తడబడతారు, కొందరు సిగ్గుపడతారు, కొందరు వార్తలు చదివినట్టు చదివేస్తారు. అయినా రాసిన మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో అందులో తెలుస్తుంది. పైగా ఇది పోటీ కాదు. ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. రచయిత గొంతు ఒకసారి చెవిలో పడితే పాఠకుడి సొంత ఊహ కుంచించుకుపోతుందేమో అంటారు. నా భయం చదవడం గురించి కాదు, వివరించడం గురించి. 'ఈ కథలో బావి అంటే స్వేచ్ఛ' అని రచయితే చెప్పేస్తే పాఠకుడికి ఇక మిగిలేదేముంది? చదివినప్పుడు అలా తలుపు మూసుకోదు. ఒకే కథను రచయిత నోట విని, మళ్లీ మనం చదువుకుంటే రెండు అనుభవాలు మిగులుతాయి.

ఇక వినేవాళ్ల సంగతి. నెల్లూరులో, ఒంగోలులో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, నాయనమ్మ చెప్పే కథ అర్థమవుతుంది, పేజీ చదవాలంటే మాత్రం కూడబలుక్కుంటారు. బెంగళూరులో, చెన్నైలో, అమెరికాలో పెరుగుతున్న మనవాళ్ల పిల్లలూ అంతే. చూపు మందగించి పుస్తకం పక్కన పెట్టిన పెద్దవాళ్లున్నారు. చూపు లేని పాఠకులున్నారు. వీళ్లందరికీ సాహిత్యం చెవి గుండానే చేరాలి. పుస్తకం అమ్ముడుపోదేమోనని కొందరు ప్రచురణకర్తలు వెనకాడతారు. ఒక కథో ఒక అధ్యాయమో వినిపిస్తే అమ్మకం తగ్గదు, మిగతాది చదవాలన్న ఆశ పుడుతుంది.

చేయడం కష్టం కాదు. ఫోన్, చిన్న స్టాండ్, కొన్ని వందల రూపాయలకు దొరికే కాలర్ మైకు చాలు. పెద్ద హాలు వద్దు, ప్రతిధ్వని వస్తుంది. రచయిత ఇంట్లోనే ఒక గది చూసుకుని, ఫ్యాను ఆపి, తలుపు వేసి కూర్చోవాలి. పది పదిహేను నిమిషాలు చదివించాలి, తర్వాత చదివిన పేజీ మీద నాలుగు ప్రశ్నలు అడగాలి. వెనక సంగీతం పెట్టకూడదు, మాట వినిపించాలి. వీడియో కింద రచయిత పేరు, ఊరు, పుస్తకం పేరు, అది వచ్చిన సంవత్సరం, రికార్డు చేసిన తేదీ తప్పకుండా రాయాలి. ఛానళ్లు మూతపడతాయి, పాస్‌వర్డ్‌లు పోతాయి. కాబట్టి అసలు ఫైలు ఒక కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ఇంకొకటి హార్డ్‌డిస్క్‌లో జిల్లా గ్రంథాలయంలో ఉండాలి. కాలేజీల తెలుగు శాఖలు దీన్ని విద్యార్థుల ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఒక్కో విద్యార్థికి ఒక్కో రచయిత. డెబ్బై ఏళ్లు దాటినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి. నెల్లూరు, ఒంగోలు పేర్లు దాటి కందుకూరు, పొదిలి, మార్కాపురం, ఆత్మకూరు, ఉదయగిరి దాకా పోవాలి. సొంత ఖర్చుతో ఒకే ఒక్క పుస్తకం వేసుకుని, కాపీలు అటక మీద పెట్టుకున్న రచయితలు ఆ ఊళ్లలోనే ఉన్నారు.