‘మధ్యవర్తికి బాధ్యత లేదు’ అన్న సందేశం గురించి

వారం రోజులుగా తిరుపతి మిత్రులు ఒకే వాట్సాప్ సందేశాన్ని నాకు పదేపదే పంపుతున్నారు. స్థలాలూ ఇళ్ళూ అమ్మించే బ్రోకర్ ఆఫీసు నడిపేవాడు కేవలం మధ్యవర్తి అనీ, అతనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనీ, రెండు శాతం కమిషన్ చట్టం ఇచ్చిన హక్కనీ, సైటు దగ్గర అతని కుర్రాళ్ళు చెప్పే మాటలతో అతనికి సంబంధం లేదనీ దాని సారాంశం. పంపినవారిలో ఇద్దరు నాలాగే స్వయంగా బ్రోకర్లు కాబట్టి ఈ జవాబు రాయవలసి వచ్చింది.

కమిషన్ సంగతి సులభం: స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం శాతమేదీ నిర్ణయించలేదు, రెండు శాతమన్నది వాడుక మాత్రమే.

రిజిస్ట్రేషన్ విషయంలో సందేశం సగం నిజం చెప్పిందని ఒప్పుకోవాలి. కొర్లగుంటలో ఒకరి పాత ఇల్లు మరొకరికి అమ్మించడం 2016 నాటి ఆ చట్టం తొమ్మిదో సెక్షన్ కిందికి రాదు. అయితే రెరాలో నమోదైన లేఅవుట్‌లో ప్లాట్లు అమ్మించేవారు తామూ నమోదు కావలసిందే. నమోదు కాకుంటే జరిమానా రోజుకు 10,000 రూపాయలు, అది ప్లాటు విలువలో 5 శాతం దాకా పెరగవచ్చు.

ఇక కుర్రాళ్ళ మాట. పోయిన వేసవిలో మా ఆఫీసు కుర్రాడొకడు చంద్రగిరి వైపు ఒక స్థలం చూపిస్తూ, చేతిలో డీకేటీ పట్టా (సర్కారు పేదలకిచ్చే భూమి కాగితం) జిరాక్సు పెట్టుకొని, “సెటిల్‌మెంట్ భూమి సార్, ఏ గొడవా లేదు” అన్నాడు, అంటే అమ్ముకునే హక్కున్న సొంత పట్టా భూమి అని. కొనవచ్చిన రిటైర్డు పంతులుగారు ఆ కాగితం తీసుకొని నేరుగా నా బల్ల ముందుకొచ్చి, “ఇది సర్కారు ఇచ్చిన పట్టా కదయ్యా, ఎట్లా అమ్ముతారు?” అని అడిగినప్పుడు, ‘అన్నది వాడండీ, నేను కాదు’ అనడానికి నాకు నోరు పెగలలేదు. అలాంటి భూమి అమ్మాలంటే పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు నిండాలి; నిండాయో లేదో వాడు చూడలేదు, వాడి చేతికిచ్చి పంపిన నేనూ చూడలేదు.

అబద్ధం నోటితో చెప్పినా, రాసినా, బొమ్మలో చూపినా ఏజెంటు తప్పేనని రెరా పదో సెక్షన్ అంటుంది. ఏజెంటు (ఇక్కడ కుర్రాడు) తన పనిలో భాగంగా చేసిన మోసం యజమాని (ఇక్కడ బ్రోకర్) చేసినట్టేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 238వ సెక్షన్ ఏనాడో చెప్పింది. సందేశం రాసిన మహానుభావుడికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. కమిషన్ వచ్చిన రోజు ‘మా కుర్రాడు’, నోటీసు వచ్చిన రోజు ‘ఎవడో కుర్రాడు’!

మా ఆఫీసులో ఇప్పుడు అడంగల్ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు), ఈసీ (పాత అమ్మకాలూ తాకట్టులూ చూపే పత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల పట్టిక) నేను చూసి సంతకం పెట్టేదాకా ఏ కుర్రాడూ సైటుకు బండి తీయడు.