పీపీ గారు కొండ మీద కాపురం ఉండాలి

అలాస్కాలో కోడియాక్ అని ఒక దీవి ఉంది. పెద్ద ఎలుగుబంట్లకు, సాల్మన్ చేపల వేటకు దానికి పేరు. అక్కడి చిన్న ఊళ్లకు ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ప్రాసిక్యూటర్ (మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్, పీపీ) కావాల్సి వస్తే ఉద్యోగ ప్రకటనలో జీతంతో పాటు కొండల గురించి, చేపల గురించి కూడా ఊరించి రాస్తారు. చలి ఉంటుంది, పని ఉంటుంది, అయినా వచ్చి మాతో ఉండండి అని పిలుపు. మన దగ్గర కొండ మీద ఉద్యోగం అంటే వేరే లెక్క. ‘ఏజెన్సీకి వేశారట’ అనగానే ‘ఎవరికి కోపం తెప్పించాడో పాపం’ అంటారు. అదే మనిషి డిసెంబరులో పిల్లల్ని కారెక్కించుకుని లంబసింగి మంచు చూడ్డానికి, వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడ్డానికి తెల్లవారకముందే బయలుదేరతాడు. చూసి రావడానికి స్వర్గం, ఉండటానికి శిక్ష!

ఈ తేడాకు ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నది న్యాయం కోసం ఎదురుచూసే గిరిజనులే అన్నది మా అభిప్రాయం. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాడేరు జిల్లా కేంద్రమైంది. కలెక్టరు, ఎస్పీ కొండెక్కారు. జిల్లా సెషన్స్ కోర్టు మాత్రం ఎక్కలేదు. చిన్న నేరాల సంగతి ఎలా ఉన్నా పదేళ్లు, ఇరవై ఏళ్లు శిక్ష పడే కేసుల కోసం పాడేరు మన్యం నుంచి ఇప్పటికీ విశాఖపట్నం దిగాల్సిందే. పాడేరు నుంచే వంద కిలోమీటర్ల పైమాట. ముంచంగిపుట్టు అవతలి గూడెం నుంచి సాక్షి రావాలంటే ముందు రోడ్డు దాకా నడక, ఆటో, బస్సు, ఘాట్ రోడ్డు. తీరా చేరాక ‘ఇవాళ వాయిదా పడింది, మళ్లీ రా’ అంటారు. రెండు రోజుల కూలి పోతుంది. ఇలా మూడుసార్లు తిరిగినవాడు నాలుగోసారి రాకపోతే, వచ్చినా ‘నాకేమీ తెలియదు’ అంటే, ఆ తప్పు ఎవరిది?

ఆ సాక్షిని ముందురోజే కలిసి, భయం పోగొట్టి, కోర్టులో ఏం జరుగుతుందో చెప్పాల్సినవాడు పబ్లిక్ ప్రాసిక్యూటర్. పీపీ అంటే పోలీసుల వకీలు అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆయన కోర్టుకు నిజం తెలియడానికి సాయపడే అధికారి, ముద్దాయికి మేలు చేసే కాగితం ఉన్నా దాచకూడనివాడు. అందుకే ప్రాసిక్యూషన్ విభాగాన్ని పోలీసు శాఖ నుంచి విడదీయాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. సెషన్స్ కోర్టులో పీపీ కావాలంటే కనీసం ఏడేళ్లు ప్రాక్టీసు ఉండాలి, సెషన్స్ జడ్జితో సంప్రదించి కలెక్టరు పేర్లు పంపాలి. మేజిస్ట్రేట్ కోర్టుల్లో పనిచేసే అసిస్టెంట్ పీపీలను (ఏపీపీ) మాత్రం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు నియామక మండళ్లే పరీక్ష పెట్టి తీసుకుంటున్నాయి. పోలీసులకు సంబంధం లేని ఉద్యోగానికి తలుపు పోలీసు మండలి ఆఫీసులో ఉండటం చిత్రమే.

మన్యంలో పీపీ పని ఎంత బరువైనదో తెలియాలంటే గంజాయి కేసు చూడాలి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో పండే ‘శీలావతి’ రకం గంజాయి ఎక్కడెక్కడికో పోతుంది. పెట్టుబడి పెట్టేవాడు వేరే రాష్ట్రంలో ఉంటాడు. మూట మోసేది ఇక్కడి కుర్రాడు. మత్తుపదార్థాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దాటిందా, పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, బెయిలు దొరకడమూ గగనం. కొండ దిగే మనిషి నెత్తిన పెట్టుకునే మూట ఒక్కటి 20 కిలోలు దాటడం ఎంతసేపు? అంటే కూలికి మోసినవాడు ఒక్క మూటతోనే పెద్ద స్మగ్లర్ల శిక్ష పరిధిలోకి వచ్చేస్తాడు. డబ్బు పెట్టినవాడికీ అదే శిక్ష అని చట్టంలో ఉంది. కానీ వాడు దొరికితే కదా!

ఇక్కడే పీపీ తెలివి, ఓపిక కావాలి. ఈ కుర్రాడిని అప్రూవర్‌గా, అంటే క్షమాభిక్ష పొంది నిజం చెప్పే సాక్షిగా మార్చి పైవాడిని పట్టుకోవచ్చా అని ఆలోచించాలి. ఒంటి మీద సోదా చేసే ముందు ‘మేజిస్ట్రేట్ ముందో గెజిటెడ్ అధికారి ముందో సోదా కోరే హక్కు నీకుంది’ అని చెప్పడం తప్పనిసరి. తెలుగు నోటీసు మీద సంతకం పెట్టించారు సరే, ఆ కుర్రాడి ఇంటి భాష కొండు గిరిజనులు మాట్లాడే కువి అయితే అతనికి ఏం అర్థమైంది? దొరికిన సరుకుకు మేజిస్ట్రేట్ సమక్షంలో శాంపిల్స్ తీశారా? సోదాకు సాక్షులుగా (మధ్యవర్తులుగా) సంతకం పెట్టిన వీఆర్ఓలు నిజంగా అక్కడ ఉన్నారా? ముద్దాయి తరఫు వకీలు మొదట పట్టుకునేవి ఇవే. పీపీ దగ్గర్లో ఉంటే చార్జిషీటు వేయకముందే ఈ లోపాలు ఎస్ఐకి చూపించి కొన్నయినా సరిచేయించగలడు. విశాఖలో ఫైలు అందుకునేసరికి అంతా అయిపోయి ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. పొగ దేశమంతా టీవీల్లో చూసింది. ఆ సరుకు వెనక ఉన్న పెట్టుబడిదారుల్లో ఎందరు బోనెక్కారన్నది మంటలో కనపడదు.

వాకపల్లి గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేం. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్లో కొండు తెగ ఆడవాళ్లు తమ మీద పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. వదిలేస్తూనే దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, బాధితులకు పరిహారం ఇవ్వాలంది. దాదాపు పదహారేళ్లు! ఆ తీర్పు మంచిచెడ్డలు పక్కన పెడదాం. కొండ మీద మొదటి వారంలో, మొదటి నెలలో అడగాల్సిన ప్రశ్నలు అడిగే ప్రాసిక్యూటర్ ఎవరూ ఆ దరిదాపుల్లో లేకపోవడం ఆ పదహారేళ్ల కథలో చిన్న విషయం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం బాధితులు కోరితే సీనియర్ న్యాయవాదిని ప్రత్యేకంగా నియమించే అధికారం కలెక్టరుకుంది. ఆ సంగతి గూడెంలో ఎవరికి తెలుసు? తెలియజేసేవాడు కూడా కొండ మీదే ఉండాలి కదా.

చిన్న ఊళ్లో ఉండటంలో ఇబ్బంది లేదని మేము అనడం లేదు. పాడేరు లాంటి చోట పీపీ శుక్రవారం సంతకు వెళితే ముద్దాయి అన్న కనపడతాడు, టీ కొట్టు దగ్గర సీఐ కూర్చుని ఉంటాడు, ఎదురు వకీలు పక్కింట్లోనే అద్దెకుంటాడు. అందరితో మొహమాటం. స్థానిక నాయకుడు ఫోన్ చేసి ‘మనవాడే, కాస్త చూడండి’ అంటాడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జిల్లా అటార్నీని ఓట్లేసి ఎన్నుకుంటారు. అలాస్కాలో అలా కాదు, అటార్నీ జనరల్ కింద నియమిస్తారు. మనకు ఎన్నికలు వద్దే వద్దు, ఉన్నవి చాలు. కానీ పీపీ పదవి అధికార పార్టీ మారితే ఊడిపోయే కుర్చీగా ఉన్నంతకాలం ఆ ఫోన్‌కు ఎదురు చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

దగ్గరుంటే మంచీ ఉంది. అడవిలో కట్టె కొట్టాడని, పోడు చేశాడని పెట్టిన కేసు ముందుకొచ్చినప్పుడు, 2006 అటవీ హక్కుల చట్టం కింద అతని దరఖాస్తు ఇంకా తేలలేదన్న సంగతి ఊళ్లో ఉన్న పీపీకి తెలుస్తుంది. దరఖాస్తు తేలేదాకా భూమి నుంచి ఖాళీ చేయించకూడదని ఆ చట్టమే చెబుతోంది. కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకునే అధికారం పీపీకి ఉంది. ఏ కేసు గట్టిగా నడపాలో, ఏది వదిలేయాలో ఫైలు చదివితే సగమే తెలుస్తుంది. మిగతా సగం కొండ మీద ఉంటే తెలుస్తుంది.

దారి లేకపోలేదు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 20వ సెక్షన్ ప్రతి జిల్లాలోనూ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ పెట్టుకోవచ్చని రాష్ట్రాలకు వీలిచ్చింది. ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసు నివేదికలను పరిశీలించే బాధ్యత అందులో డిప్యూటీ డైరెక్టరుది. ‘పెట్టుకోవచ్చు’ అన్న మాటను ‘పెట్టకపోయినా ఫర్వాలేదు’ అని చదువుకోవడం మన ప్రభుత్వాలకు అలవాటు. కేసుల సంఖ్య తక్కువ, పూర్తి ఆఫీసు దండగ అని ఆర్థిక శాఖ అనవచ్చు. మన్యంలో కేసులను సంఖ్యతో కాదు, దూరంతో లెక్కపెట్టాలి.

పాడేరులో పూర్తిస్థాయి ప్రాసిక్యూషన్ ఆఫీసు పెట్టండి. అక్కడికి వెళ్లే సీనియర్‌కు మూడేళ్లు కదపబోమని రాసివ్వండి. ఉండటానికి క్వార్టరు, అదనపు భత్యం, తర్వాత కోరుకున్న చోటు ఇవ్వండి. కువి, ఆదివాసీ ఒడియా తెలిసిన స్థానిక యువతను జీతమిచ్చి దుబాసీలుగా పెట్టుకోండి. వీడియోలో సాక్ష్యం చెప్పడానికి కొత్త చట్టం ఒప్పుకుంటోంది. సిగ్నల్ ఉన్న ఒక గది, అందులో సాక్షి పక్కన కూర్చునే ఒక ఏపీపీ ఉంటే చాలామందికి ఘాట్ రోడ్డు ప్రయాణం తప్పుతుంది. మన్యం నుంచి లా చదివి వచ్చిన గిరిజన యువతీ యువకులు ఏడేళ్ల ప్రాక్టీసు పూర్తిచేసుకునేదాకా నిలబడేలా స్టైపెండు ఇస్తే, పదేళ్ల తర్వాత బయటివాళ్లను బతిమాలే పనే ఉండదు.

ఈ శీతాకాలం కూడా మంత్రులు, ఉన్నతాధికారులు కుటుంబాలతో అరకు వెళతారు. గెస్ట్‌హౌస్‌లు ముందే బుక్ అయిపోతాయి. తిరుగు ప్రయాణంలో పాడేరు మీదుగా వచ్చి, ఒక అరగంట ఆగి, పీపీ ఆఫీసుకు ఏ స్థలం బాగుంటుందో చూసి వెళ్లమని మా మనవి.