వేరుశనగ నూనె తరఫున ఒక విన్నపం

అనంతపురంలో మూత్రపిండాల జబ్బు ఉన్న మనిషి రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 300 దాటిందని తెలిసిన మరుక్షణం, దోషి ఎవరన్న విషయంలో బంధువర్గానికి సందేహం ఉండదు. "యాం మామా, శెనిక్కాయ నూనె ఇంగా మానలేదా?" అని పరామర్శకు వచ్చిన ప్రతి అల్లుడూ అడుగుతాడు, అడిగి, అదే నూనెలో వేగిన మిరపకాయ బజ్జీలను ఉగ్గానితో కలిపి తృప్తిగా ఆరగించి వెళతాడు. వాన ముఖం చూడని నేలలో తరతరాలుగా ఈ జిల్లాకు కూడు పెట్టిన పంటకు జరుగుతున్న ఈ అన్యాయాన్ని చూస్తూ ఊరుకోవడం భావ్యం కాదు.

అసలు నేరం వేరొకచోట జరుగుతున్నది. రక్తంలో తిరిగే కొవ్వు రేణువుల నుంచి ట్రైగ్లిజరైడ్లను విడదీసి కండరాలకు అందించే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము, మూత్రపిండాలు చెడేకొద్దీ మందగిస్తుంది. దానికి అడ్డుపడే అపో సి-3 అనే ప్రొటీను పెరుగుతుంది. అందువల్ల ట్రైగ్లిజరైడ్లు పేరుకుంటాయి, మంచి కొలెస్టరాల్ అని పేరుపడ్డ హెచ్‌డీఎల్ తగ్గుతుంది, తగ్గగా మిగిలినది కూడా ఆ పేరు నిలబెట్టుకోలేదు. చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం చాలామందిలో మామూలుగానే కనిపించి, నివేదికలో "నార్మల్" అనిపించుకొని ఇంటిల్లిపాదినీ సంతోషపెడుతుంది. దాని రేణువులు చిన్నవై, చిక్కనై, రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరేవిగా మారినాయన్న సంగతిని మామూలు లిపిడ్ పరీక్ష చెప్పదు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను ధారాళంగా పోయే నెఫ్రోటిక్ రోగుల్లో ఈ మర్యాద కూడా ఉండదు: పోయిన ప్రొటీనును భర్తీ చేసే తొందరలో కాలేయం కొవ్వు రేణువులను కూడా విపరీతంగా తయారుచేస్తుంది, కొలెస్టరాల్ ఆకాశానికంటుతుంది. అయినా మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతున్నదని అడిగే అల్లుడు రాయలసీమలో ఇంకా పుట్టలేదు.

నూనెను నిర్దోషిగా విడుదల చేయమని నేను కోరడం లేదు. బజ్జీల బాణలిలో పదేపదే మరిగిన నూనెను ఏ న్యాయవాదీ కాపాడలేడు. కానీ మధుమేహం ఉన్న మామకు పూటకు రెండుసార్లు చక్కెర దండిగా వేసిన టీ ఇచ్చి, ట్రైగ్లిజరైడ్ల నింద మొత్తం నూనె మీద వేయడం విచిత్రం. ఇంకా విచిత్రమేమంటే, నూనె మానిన మామ చేతికి కాలక్షేపానికని వేయించిన వేరుశనగ గింజలే అందిస్తారు. జబ్బు ముదిరిన మూత్రపిండాలకు బరువయ్యే భాస్వరం, పొటాషియం ఉన్నవి ఆ గింజల్లోనే గాని నూనెలో కాదు.

ఇక మందుల సంగతి. మూత్రపిండ వైద్యుల అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, దీర్ఘకాలిక మూత్రపిండ జబ్బు ఉండి డయాలసిస్ దాకా రాని యాభై ఏళ్లు దాటినవారికి ఎల్‌డీఎల్ అంకెతో నిమిత్తం లేకుండా కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వాలి, ఎందుకంటే వీరిలో చాలామందిని మూత్రపిండాల కంటే ముందు గుండె మోసం చేస్తుంది. తొమ్మిది వేల మందికి పైగా రోగులపై జరిగి 2011లో వెలువడిన షార్ప్ అనే మందుల పరీక్షలో, సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్‌తో ఎజెటిమైబ్ అనే మరో కొలెస్టరాల్ మందు కలిపి ఇస్తే రక్తనాళాలు పూడుకోవడం వల్ల వచ్చే పెద్ద ప్రమాదాలు 17 శాతం తగ్గినాయి. డయాలసిస్ మీద ఉన్నవారిలో మాత్రం స్టాటిన్ ఇచ్చి చూసిన 2005 నాటి 4డి, 2009 నాటి అరోరా పరీక్షలలో కొలెస్టరాల్ తగ్గినా, గుండెకు చెప్పుకోదగిన మేలు తేలలేదు. అందుకే డయాలసిస్‌లో ఉన్నవారికి ఈ మాత్రను కొత్తగా మొదలుపెట్టనక్కరలేదని, ముందునుంచీ వాడుతున్నవారు మానవద్దని ఆ మార్గదర్శకాల సారాంశం. పైగా డయాలసిస్ రోగిలో కొలెస్టరాల్ తనంతట తాను బాగా పడిపోతే అది చాలాసార్లు తిండి ఒంటికి పట్టడం లేదనడానికి గుర్తు. మన పద్ధతిలో దానికి అభినందనలు చెబుతారు.

బంధువర్గం ఈ నియమాలను సరిగ్గా తలకిందులుగా అమలు చేస్తున్నది. అంకె "నార్మల్" రాగానే డాక్టరును అడగకుండానే మాత్ర మానిపించి, ఆ మిగిలిన డబ్బుతో "కొలెస్టరాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన ఖరీదైన నూనె సీసా కొనుక్కొస్తున్నది. కొలెస్టరాల్ జంతు సంబంధమైన ఆహారంలో ఉండేదే కనుక, ఆ సీసా మీది మాట నూటికి నూరుపాళ్లూ నిజమే. వీధి చివర గానుగలో ఆడించిన వేరుశనగ నూనె విషయంలోనూ అంతే నిజం, కాకపోతే దానికి అచ్చు వేయించుకునే స్తోమత లేదు.