ముల్లు తీసేసిన గులాబీ

తోట ఆమెదే. నిండా పూలున్నాయి. తనకు నచ్చిన పువ్వును ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం లేదు. తోటమాలి వయొలెట్, లిల్లీ, 'పింక్' అనే మరో రకం పూలు చూపిస్తే మూడూ వద్దంది. జూన్‌లో పూసే ఎర్రగులాబీ కోసం ఆగింది. దానికోసం ఎన్నోసార్లు చేయి చాచింది. చివరికి దక్కింది విల్లో చెట్టు. ఇంగ్లండ్ పాటల్లో అది చేజారిన ప్రేమకు గుర్తు.

ఇది 'సీడ్స్ ఆఫ్ లవ్' అనే జానపదం. 1903లో సోమర్‌సెట్‌లోని హాంబ్రిడ్జ్‌లో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాడుకుంటుంటే సెసిల్ షార్ప్ విని రాసుకున్నారు. ఆయన పాటల సేకరణ దానితోనే మొదలైంది.

దీని తోబుట్టువు లాంటి మరో పాటలో అమ్మాయి తన థైమ్ అనే సువాసన మొక్కను కాపాడుకోలేకపోతుంది. థైమ్ అంటే కన్యత్వమని ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. ఆంగ్లంలో ఆ పేరును 'టైమ్' అనే పలుకుతారు, కాలానికి వాడే పదంలాగే. థైమ్ పోయాక ఆమెకు మిగిలేది సదాపాకు. ఆంగ్లంలో ఆ మొక్క పేరు 'రూ'. ఆ మాటకే పశ్చాత్తాపమనే అర్థం కూడా ఉంది. ఒక్క బూతు లేకుండా ఇంత కథ! ఇలాంటి నేర్పు చూసినప్పుడల్లా నాకు మన నాట్ల పాటలే గుర్తొస్తాయి.

అన్ని పాటలూ ఇంత చాటుగా చెప్పవు. అందుకే షార్ప్, హాంబ్రిడ్జ్ మతాచార్యుడు చార్లెస్ మార్సన్ 1904 నుంచి వేసిన సంపుటాల్లో కొన్నిచోట్ల మాటలు మెత్తబడ్డాయి. డెవన్‌లో పాటలు సేకరించిన బేరింగ్-గౌల్డ్ కొన్నింటిని ఏకంగా తిరగరాశారు. అచ్చులో వేయాలంటే తప్పదని వారు అనుకున్నారు. నేను ఒప్పుకోను. వలపు ఘట్టాన్ని తీసేస్తే ఆ తరువాత అమ్మాయి పడే దుఃఖానికి కారణమే కనిపించదు. మాయమాటలు నమ్మవద్దని పాట చేసే హెచ్చరికా దానితోనే పోతుంది.

ఆ రోజుల్లోనే, 1910లో, మన దగ్గర గాయని బెంగళూరు నాగరత్నమ్మ, తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను అంతకుముందు తొలగించిన పద్యాలతో సహా అచ్చువేయించారు. ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

మొన్న సంక్రాంతికి పిల్లల చేత పాటలు సాధన చేయిస్తున్నప్పుడు ఒక నాట్ల పాట నుంచి రెండు చరణాలు తీసేద్దామంటే నేనూ తలూపాను. మాట ఇచ్చి తప్పిన బావను ఆ పిల్ల నిలదీసేది ఆ చరణాల్లోనే. తలూపినందుకు బాధపడుతున్నాను. ఉగాదికి ఆ రెండు చరణాలతోనే పాట పాడిద్దాం. పిల్లలు అర్థం అడిగితే పక్కన కూర్చుని చెబుదాం.