గ్రేట్ ఓషన్ రోడ్డుకి ఐదుగురు చాలు

వేసవిలో ఒక శనివారం బైక్ రైడ్ పెడదామని మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు. సాయంత్రానికల్లా జాబితాలో పేర్లు నలభై దాటాయి. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో పొద్దున్నే బయల్దేరి, సముద్రం ఒడ్డున సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా, ట్వెల్వ్ అపాసిల్స్ అనే సముద్రంలోని రాతి స్తంభాల దాకా వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరడం. అందరికీ ఒకే రంగు టీషర్టులు, ముందు బండికి జెండా, పైన డ్రోన్. ఆడవాళ్ళు, పిల్లలు పులిహోర డబ్బాలతో వెనక కార్లలో. కమిటీ వాళ్ళ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. అయినా ఇలా మాత్రం వద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. బండి అంటే భయపడి చెప్తున్న మాట కాదిది. నేనూ 650 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ నడుపుతాను. నా గొడవంతా ఆ నలభై దగ్గరే.

ఒకసారి లెక్క వేద్దాం. లోర్న్ అనే ఊరు దాటాక ఆ రోడ్డుకి ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. పోవడానికొక లేను, రావడానికొక లేను, అంతే. మలుపుల్లో ఒకరి వెనక ఒకరు, మధ్యలో కనీసం రెండు సెకన్ల ఎడంతో వెళ్ళాలి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే దాదాపు 45 మీటర్లు. నలభై బండ్లు అలా బారుగా వెళ్తే ఆ వరస పావుతక్కువ రెండు కిలోమీటర్లు ఉంటుంది. వెనక నుంచి వచ్చే కారు దాన్ని దాటాలంటే ఎక్కడ దాటుతుంది? నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకోవడానికి అక్కడక్కడా చోటు వదిలారు కానీ, వాటిలో నాలుగైదు బండ్లు పడితే గొప్ప. చివరికి కార్లు మన మధ్యలో దూరతాయి, వరస తెగుతుంది, తెగిన చోటి నుంచి వెనకున్నవాళ్ళందరికీ టెన్షన్ మొదలవుతుంది.

వరస తెగకపోయినా తిప్పలు తప్పవు. మలుపు రాగానే ముందువాడు కొంచెం తగ్గి, దాటాక వేగం అందుకుంటాడు. రెండోవాడు ఇంకొంచెం ఎక్కువ తగ్గుతాడు, కలుసుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ లాగుతాడు. వెనక్కి పోయేకొద్దీ ఇది పెరుగుతూ పోతుంది. ముందున్నాయన హాయిగా 80లో వెళ్తుంటే, ఆఖరివాడు 100లో పోతున్నా అందుకోలేడు. మరి మన వరసలో ఆఖరున ఉండేదెవరు? నిన్నగాక మొన్న లైసెన్స్ తెచ్చుకున్న తమ్ముళ్ళు. "నువ్వు కొత్త కదరా, వెనకాల నిదానంగా రా" అని ప్రేమగానే చెప్తాం. ఆ ప్రేమతోనే వాణ్ణి తీసుకెళ్ళి, అందరికన్నా వేగంగా నడపాల్సి వచ్చే చోట పెడతాం.

"మనకి బండి కొత్తా అక్కా? ఇంటర్ నుంచి నడుపుతున్నాం" అంటారు. నిజమే. దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సుకీ ఆటోకీ మధ్య సందులోంచి బయటపడ్డవాళ్ళకి, బెజవాడ బెంజి సర్కిల్‌లో సాయంత్రం ఆరింటికి నడిపినవాళ్ళకి ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో పసిగట్టే కన్ను ఉంటుంది. అది ఇక్కడా పనికొస్తుంది. కానీ మన చదువంతా నలభై కిలోమీటర్ల వేగంలో, తిన్నటి రోడ్ల మీద సాగింది. మలుపులో బండిని వాల్చడం మనకెవరూ నేర్పలేదు. పైగా తప్పుడు పాఠాలు కొన్ని ఒంటికి పట్టేశాయి. ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతావని మా బాబాయి చెప్పేవాడు. మీకూ ఎవరో చెప్పే ఉంటారు. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి బండిని ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా నొక్కకుండా మెత్తగా మొదలుపెట్టి బిగించడం నేర్చుకోవాలి. వెనక బ్రేకునే నమ్ముకున్నవాడికి దిగువ మలుపులో చక్రం జారుతుంది.

ఇంకోటి, హ్యాండిల్ సంగతి. వేగం కాస్త పెరిగాక బండి ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది. మనం ఏళ్ళ తరబడి తెలియకుండానే ఆ పని చేస్తున్నాం. తెలిసి చేస్తే, మలుపు అనుకున్నదానికన్నా బిగువుగా వచ్చినప్పుడు బతికి బయటపడతాం. చూపు కూడా అంతే. మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడాలి. భయపడి రెయిలింగ్ వైపు చూస్తే బండి రెయిలింగ్ వైపే పోతుంది.

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డులో వందసార్లు తిరిగానని ఒక తమ్ముడు అన్నాడు. ఆ రోడ్డంటే నాకూ ప్రాణం. కానీ అది పాతిక ముప్ఫై కిలోమీటర్ల రోడ్డు, వెళ్ళి మొక్కజొన్న పొత్తు తిని రావచ్చు. ఇది టోర్కీ నుంచి అలన్స్‌ఫోర్డ్ దాకా 243 కిలోమీటర్లు, ఊరూరికీ గుణం మారుతుంది. ఆంగ్లసీ దాకా అంతా మామూలే. లోర్న్ నుంచి అపోలో బే దాకా కొండ అంచున మెలికలు. 2015 క్రిస్మస్ రోజున అక్కడే వై రివర్, సెపరేషన్ క్రీక్ ఊళ్ళలో నూటికి పైగా ఇళ్ళు కార్చిచ్చులో కాలిపోయాయి. చెట్లు పోయిన కొండ వానలకి జారి, ఆ తర్వాతి ఏడాది రోడ్డు మూసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ గట్టి వాన పడిన మర్నాడు మలుపులో గులకరాళ్ళు ఉంటాయనుకునే వెళ్ళాలి. కెన్నెట్ రివర్ దగ్గర చెట్టు మీద కోలా కనిపిస్తే ముందు కారు ఉన్నపళంగా ఆగిపోతుంది. అద్దె కార్లలో వచ్చే విదేశీ పర్యాటకులు ఎటువైపు నడపాలో మర్చిపోకుండా రోడ్డు మీద బాణం గుర్తులు వేశారంటే, మర్చిపోయేవాళ్ళు ఉన్నారనే కదా.

అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలేసి ఆట్వే అడవిలోకి ఎక్కుతుంది. లావర్స్ హిల్ దాకా అన్నీ ఆకాశాన్నంటే చెట్లు. మధ్యాహ్నం కూడా నీడ, ఆ నీడలో తడి, తడిలో రాలిన బెరడు. ఎండలోంచి ఒక్కసారిగా అక్కడికి వెళ్తే కళ్ళు సర్దుకునేలోపే మలుపు వచ్చేస్తుంది. ఇదంతా దాటితే తప్ప ట్వెల్వ్ అపాసిల్స్ రావు. వెళ్ళిరావడానికి మొత్తం 450 కిలోమీటర్ల దాకా అవుతుంది. సాయంత్రం అలసిపోయి, కంగారూలు రోడ్డు మీదకి వచ్చే వేళకి లోపలి దారిలో తిరుగు ప్రయాణం. ఇదంతా దేనికి, రాళ్ళ ముందు ఒక గ్రూప్ ఫొటో కోసం. ఆ స్తంభాల్లో ఒకటి 2005లో కూలిపోయిన మాట నిజమే కానీ, మిగతావి మనం ఇంకో రోజు వెళ్తే ఉండకుండా పోవు.

మన ఊళ్ళలో ఎన్నికలప్పుడు, హీరో సినిమా విడుదలప్పుడు బైక్ ర్యాలీలు చూశాం కదా. అక్కడ ఎవరెలా నడిపారన్నది ఎవరికీ పట్టదు. ఎన్ని బండ్లు వచ్చాయన్నదే లెక్క. ఎన్ని ఎక్కువ వస్తే నాయకుడికి అంత పరువు. నలభై అనే అంకె అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. పక్క సంఘం ముప్ఫై బండ్లతో వెళ్ళిందని తెలిశాకే మన జాబితా అంత పెరిగింది. (కాదంటే కమిటీవారు నన్ను మన్నించాలి.) లోర్న్‌లో శనివారం పొద్దున కాఫీ తాగే ముసలాయనకి మన పరువు కనపడదు, సైలెన్సర్లు మార్చిన బండ్ల మోత మాత్రం వినపడుతుంది. డ్రోన్ సంగతి కూడా కమిటీ చూసుకోవాలి. ఆట్వే, పోర్ట్ క్యాంప్‌బెల్ నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా ఎగరేయడం కుదరదు.

ఈస్టర్న్ వ్యూ దగ్గర ఆర్చి కింద, రోడ్డు మధ్యలో ఫొటో తీయాలన్న ముచ్చట కూడా ప్లానులో ఉంది. ఆ ఆర్చి ఎవరి పేరున కట్టారో తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన దాదాపు మూడు వేల మంది సైనికులు, రాకుండా అక్కడే పోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా, 1919 నుంచి 1932 దాకా పలుగూ పారా పట్టి వేసిన రోడ్డిది. ఆర్చి వాళ్ళ గుర్తుగానే కట్టారు. దీనికోసం చందాలు పోగుచేసి వెంటబడ్డ జీలాంగ్ మేయర్ హోవర్డ్ హిచ్‌కాక్ ప్రారంభోత్సవానికి కొన్ని నెలల ముందు పోయాడు. ప్రారంభోత్సవం రోజు ఊరేగింపులో ఆయన కారుని గవర్నర్ కారు వెనకాలే నడిపించారట. 1983 కార్చిచ్చులో ఆర్చి కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. పక్కనే పార్కింగ్ ఉంది. బండ్లు అక్కడ పెట్టి, నడిచి వెళ్ళి, కావలసినన్ని ఫొటోలు తీసుకోవచ్చు.

ఇక టీషర్టులు. మనం ఉండే ఈ విక్టోరియా రాష్ట్రమే ప్రపంచంలో మొట్టమొదట, 1961లో, మోటార్ సైకిల్ మీద హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఇక్కడికొచ్చాక హెల్మెట్ మనకి అలవాటైంది, అక్కడితో ఆగిపోయాం. చట్టం అంతకన్నా అడగదు కాబట్టి చాలామంది జీన్సు, టీషర్టుతోనే ఎక్కేస్తున్నారు. 80లో తారు మీద జారితే మామూలు జీన్సు ఎంతసేపు ఆగుతుందో మోకాలికే తెలుస్తుంది. ఏ జాకెట్టు, ఏ గ్లోవ్సు ఎంత కాపాడతాయో పరీక్షించి నక్షత్రాలిచ్చే మోటోక్యాప్ అనే పద్ధతి ఇక్కడ ఉంది, ఫలితాలు అందరూ ఉచితంగా చూసుకోవచ్చు. ఎండాకాలానికి గాలి తగిలే మెష్ జాకెట్లు దొరుకుతాయి. సంఘం రంగు కనపడాలంటే హెల్మెట్ మీద ఒక స్టిక్కరు అంటిస్తే సరి.

ఆడవాళ్ళు వెనక కార్లలో అన్న ముక్క రాసిందెవరో నాకు తెలుసు, పేరు చెప్పను. మనలో బండి నడిపే ఆడవాళ్ళం ఐదారుగురం ఉన్నాం. నేర్చుకోవాలని ఉందని నన్ను అడిగినవాళ్ళు ఇంకొందరు. వాళ్ళని పులిహోర డబ్బాల పక్కన కూర్చోబెట్టి పిలవడం ఏం పిలుపు? పోనీ భార్యని వెనక ఎక్కించుకుని వెళ్దామనుకునే తమ్ముళ్ళకీ ఒక మాట. లెర్నర్‌గా ఉన్నప్పుడూ, ఆ తర్వాత ఆంక్షలతో ఇచ్చే రిస్ట్రిక్టెడ్ లైసెన్స్ మీద ఉన్నన్నాళ్ళూ ఇక్కడ వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. పులిహోర ఎవరు చేసినా తింటాను. ఈసారి మగవాళ్ళు చేస్తే రెండుసార్లు వడ్డించుకుంటాను.

ఇప్పుడు నా ప్రతిపాదన. గుంపుకి ఐదుగురు, అంతకు మించొద్దు. ఒక గుంపు వెళ్ళిన పావుగంటకి ఇంకోటి బయల్దేరాలి. ప్రతి గుంపులో అందరికన్నా అనుభవం ఉన్న మనిషి ఆఖరున ఉండాలి, కొత్తవాళ్ళు నాయకుడి వెనకే రెండో స్థానంలో ఉండాలి. వేగం ఎంతో ఆ రెండో మనిషే తేలుస్తాడు. దారి మారే ప్రతి కూడలిలో ఒకరు బండి పక్కకి ఆపి, ఆఖరి మనిషి వచ్చేదాకా దారి చూపించాలి. ఇక్కడి పాత క్లబ్బుల్లో వాడే పద్ధతే ఇది. దీనివల్ల ఎవరూ తప్పిపోరు, ముందువాళ్ళని కళ్ళతో పట్టుకోవాలన్న ఆత్రం ఎవరికీ ఉండదు. అందరూ కలవడానికి లోర్న్‌లో బీచి పక్క గడ్డి మైదానం ఉంది. భోజనం అపోలో బేలో. అక్కడి నుంచి కొంచెం వెనక్కి, స్కీన్స్ క్రీక్ దగ్గర తిరిగి, ఫారెస్ట్, బిర్రెగర్రా అనే ఊళ్ళ మీదుగా ప్రిన్సెస్ హైవే ఎక్కితే చీకటి పడకముందే ఇళ్ళు చేరతాం. టోర్కీ వైపు నుంచి వెళ్ళడంలో ఇంకో సుఖం, సముద్రం మనకి ఎడమ పక్కన ఉంటుంది. ఎక్కడ ఆగి చూడాలన్నా ఎదురొచ్చే బండ్లకి అడ్డంగా తిరగనక్కర్లేదు. అపాసిల్స్ చూడాలన్నవాళ్ళు అపోలో బేలో రాత్రికి ఆగి, మర్నాడు తీరిగ్గా వెళ్ళొచ్చు.

ఐదుగురు ఐదుగురుగా వెళ్ళేదానికి సంఘం ఎందుకని అధ్యక్షులవారు ఫోన్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జెండాకీ, టీషర్టులకీ, డ్రోనుకీ అనుకున్న డబ్బుతో సంఘం ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని పిలిచి ఒక పూట బ్రేకులు, మలుపులు నేర్పించవచ్చు. దారిలో ఎవరైనా పడితే హెల్మెట్ తీయకుండా ముందు ఏం చూడాలో చెప్పే ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టించవచ్చు. ఒక్కరం చేసుకోలేని పనులివి. అందరం పక్కపక్కన కూర్చునే ముచ్చట అపోలో బే భోజనాల దగ్గర తీర్చుకుందాం, అక్కడ నలభైమందీ ఉంటారు.

కమిటీ ఒప్పుకుంటే ఆఖరి గుంపుకి ఆఖరి మనిషిగా నేను వస్తాను. ఆ గుంపులో ఇంకా నాలుగు చోట్లున్నాయి, కొత్తవాళ్ళకే ముందు. టైర్లలో గాలి ముందురోజే చూసుకోండి, పెట్రోలు నింపుకుని రండి.