ఫెన్సు వదిలితే లుంగీ దక్కుతుంది

మొన్న ఆదివారం జరిగిందిది. మూడు రోజులైనా ఎదురింటి బాల్కనీ వైపు తలెత్తి చూడలేకపోతున్నాను.

ముందు మిషన్ సంగతి గబగబా చెప్పేస్తాను. గాజువాక వైపు ఒక పాత ఇనుము షెడ్డులో కొన్న టేబుల్ సా అది, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి తేలి ఉండే చెక్క కోత మిషన్. పోత ఇనుము బల్ల, పది అంగుళాల బ్లేడు, ముందొక పట్టా, వెనకొక పట్టా, వాటి మీద అటూ ఇటూ జరిగే ఫెన్సు, అంటే చెక్కని ఆనించి బ్లేడు మీదికి తిన్నగా తోసుకునే అడ్డకమ్మీ. ఏదో ఓడ వర్క్‌షాపులోంచి దిగిందన్నాడు అమ్మినాయన. 1939లో అమెరికాలో డెల్టా కంపెనీ యూనిసా అని ఒకటి తెచ్చింది, ఇది చూడ్డానికి అలాగే ఉందే అని నేను నోరు జారితే, ‘అవును సార్, దాని సొంత తమ్ముడే’ అని ఇంకో రెండు వేలు కలిపాడు. నేమ్‌ప్లేటు లేదు. మోటారు ఎవరో ఎప్పుడో మార్చేశారు. అంతా అయిపోయి ఆటో ట్రాలీ ఎక్కించాక మాత్రం ‘ఫెన్సు ఒక్కటీ కాస్త చూసుకోండి సార్’ అన్నాడు. ఆ ‘కాస్త’ అన్న మాటకి జీఎస్టీ కట్టాడో లేదో అడగాలని ఉంది.

చెక్క మాత్రం మా సొంతం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి పెరట్లో వేపచెట్టు కూలిపోతే, సామిల్లులో పలకలు కోయించి మేడ మీద గదిలో పేర్చాం. ఇన్నేళ్లకి దాంతో దేవుడి గదికి పీట చేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. మొదటి పలక తోసేసరికి ఒక అంచంతా నల్లగా మాడింది, షెడ్డులో దోమలకి పొగ వేసినట్టయింది. అలా మాడిందంటే ఫెన్సు వెనక కొస బ్లేడు వైపు వాలి ఉందన్నమాట. చెక్క ఆ రెంటి మధ్యా చెరుకుగడలా నలుగుతోంది. ఇంకాస్త వాలిందంటే వెనక పళ్లు ఆ పలకని లేపి సరాసరి మన పొట్ట మీదికే విసురుతాయి.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడా పిల్లాడూ సింహాచలం వెళ్లారు. నాకు పనుంది, రానన్నాను. అప్పన్న అప్పుడే రాసిపెట్టుకున్నట్టున్నాడు. మిషన్ ప్లగ్గు పీకి అవతల పడేశాను, ఆ మాత్రం బుద్ధి ఉంది. లుంగీ మార్చి ప్యాంటు వేసుకునే బుద్ధి లేకపోయింది.

బ్లేడు పన్ను ఒకదానికి మార్కర్‌తో చుక్క పెట్టి, బల్ల మీది గాడి నుంచి దూరం కొలిచాను. బ్లేడు తిప్పి, వెనక్కి వచ్చిన అదే పన్ను దగ్గర మళ్లీ కొలిచాను. వేరే పన్ను కొలిస్తే వంకర బ్లేడుదో బల్లదో తేలదు. రెండు కొలతలూ ఒక్కటే. బ్లేడు నిర్దోషి. ఇక ఫెన్సు.

దాని తల మీద రెండు బోల్టులుంటాయి. అవి వదులు చేసి, ఫెన్సుని గాడికి సమాంతరంగా సర్ది, మళ్లీ బిగించాలి. వినడానికి ఇంతే. గాడిలో సరిగ్గా పట్టే 19 మిల్లీమీటర్ల చెక్క బద్ద పెట్టి, ఫెన్సుని దానికి ఆనించి, సందు ఎంతుందో కొలిచే పల్చటి ఫీలర్ గేజ్ రేకులు దూర్చి చూస్తుంటే, వదులుగా ఉన్నంతసేపూ బంగారం. లాక్ బిగించగానే వెనక కొస పక్కకి జరుగుతుంది. మా పిల్లాడూ అంతే, ఫోన్ పట్టుకున్నంతసేపూ బుద్ధిగా నించుని సరిగ్గా ఫోటో తీసే క్షణంలో మొహం తిప్పేస్తాడు. ఈ పాతవాటితో ఇదే తంటా, ముందూ వెనకా రెండు చోట్లా పట్టుకుంటాయి, ఎవరి మాట ఎవరూ వినరు. ఇప్పటి టీ ఆకారం ఫెన్సులు ముందు పట్టాని ఒక్కదాన్నే పట్టుకుంటాయి, హాయి.

నాలుగు గంటలు ఎలా గడిచాయో రాయను. మధ్యలో ఉప్మా తిన్నట్టు గుర్తు.

పన్నెండు దాటింది. గాలి లేదు, ఒళ్లంతా ఉప్పు చెమట. లుంగీ పైకి మడిచి కట్టుకుని, మిషన్ వెనక మూల నుంచి బల్ల మీదికి వాలి, చెయ్యి సాగదీసి ముందున్న లాక్ నాబ్ బిగించాను. ముందు కొసలో 0.05 మిల్లీమీటర్ల రేకు దూర్చాను, నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పల్చనిది. దూరలేదు. వెనక దూర్చాను. దూరలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ. దూరలేదు! రెండు చేతులూ పైకెత్తి, ఒక అడుగు వెనక్కి వేశాను. నేను వచ్చాను, లుంగీ రాలేదు.

మడత కొస పోయి, ఫెన్సు వెనక పట్టాని పట్టుకునే కొక్కేనికీ ఆ పట్టాకీ మధ్య ఇరుక్కుంది. లాగితే పర్రుమంది. మావగారు సంక్రాంతికి పెట్టిన గళ్ల లుంగీ అది. నాబ్ వదులు చేస్తే లుంగీ దక్కుతుంది, నాలుగు గంటల తపస్సు పోతుంది. నాబ్ ముట్టుకోకుండా లుంగీలోంచి నేనే బయటికి వస్తే ఫెన్సు నిలుస్తుంది, పరువు పోతుంది. ఎందుకంటే మా షెడ్డుకి ముందు గోడ లేదు, ఎదురింటి మొదటి అంతస్తులో పిన్నిగారు గుమ్మడి వడియాలు పెడుతున్నారు, ఆవిడ వడియానికీ వడియానికీ మధ్య ఒకసారి వీధి మొత్తం చూస్తారు. కత్తెర ఇంట్లో ఉంది. ఫోన్ కూడా ఇంట్లోనే, హాల్లో ఛార్జింగులో.

అప్పుడు గేటు దగ్గర బైకు ఆగింది.

‘సార్, పార్సిల్!’

ఆ పార్సిల్లో ఉన్నది డయల్ గేజ్. ఈ ఫెన్సు సరిచూడ్డానికే తెప్పించాను, శుక్రవారం రావాల్సింది.

‘గోడ మీద పెట్టి వెళ్లు బాబూ.’

‘ఓటీపీ చెప్పండి సార్.’

‘ఫోన్ లోపలుంది.’

‘తెచ్చుకోండి సార్, ఉంటాను.’

‘రాలేను.’

‘ఎందుకు సార్?’

‘పనిలో ఉన్నాను.’

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. చేతిలో ఏమీ లేకుండా, ఇంచు కూడా కదలకుండా నించుని ఉన్న మనిషిని. ‘ఏం పని సార్?’ అన్నాడు, మర్యాదగానే.

కుర్రాడి తప్పు లేదు, ఓటీపీ కొట్టకపోతే వాడి ఫోన్ ముందుకి కదలదట. కానీ చూడండి, డబ్బులు ముందే కట్టించుకున్నారు, గేటు మీద నా పేరుంది, డబ్బా మీద అదే పేరుంది, ఆ పేరు గలవాడు పదడుగుల దూరంలో పార్సిల్ కోసం చెయ్యి చాపి నించున్నాడు. అయినా వాళ్ల లెక్కలో నేనంటే హాల్లో ఛార్జింగవుతున్న ఆ నాలుగంకెలు. మా తాతగారికి పోస్ట్‌మాన్ మనియార్డరు తెస్తే వీధరుగు మీదే వేలిముద్ర వేయించుకుని ఇచ్చేవాడు. నా దగ్గర ఆ సమయంలో పది వేళ్లూ ఖాళీగానే ఉన్నాయి.

పైనుంచి పిన్నిగారి గొంతు. ‘ఏమైంది నాయనా? నడుం పట్టేసిందా?’

ఒక్క క్షణం ఆలోచించాల్సింది. ‘అవునండీ’ అనేశాను.

‘అయ్యో, కదలకు! కదిలావంటే ఇంకా బిగుసుకుపోతుంది! బాబూ, నువ్వు లోపలికెళ్లి పట్టుకో అతన్ని!’ అని డెలివరీ కుర్రాణ్ణి ఆజ్ఞాపించి, పక్కింటి బాబాయ్ గారిని పేరు పెట్టి పిలిచేశారు. ఆయన మెషిన్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. బనీనుతోనే వచ్చేశారు. వెనకాల కుర్రాడు, చంకలో పార్సిల్, నా చంకలో వాడి చెయ్యి.

బాబాయ్ గారు నా నడుం వైపు చూడలేదు. కళ్లజోడు పైకి తోసి, వంగి, కొక్కెం వైపు చూశారు.

‘ఏటిరా ఇది, గుడ్డ పడ్డాదేటి?’

ఆయన చెయ్యి నాబ్ మీదికి పోతోంది. ‘వద్దు బాబాయ్ గారూ! జీరో వచ్చింది! జీరో!’ అని గట్టిగా అరిచాను. నొప్పికి తాళలేక అరిచాననుకున్నారట పిన్నిగారు. ఆయన తిప్పేశారు. లుంగీ వచ్చింది, పెద్ద చిల్లుతో.

మళ్లీ బిగించి రేకు దూర్చారు. వెనక 0.4 రేకు తలుపు తీసి ఉన్నట్టు దూరిపోయింది. ఆయన ఏమనుకున్నారో, నా లుంగీ కొస పట్టుకుని మళ్లీ కొక్కెంలో పెట్టి (నేను ఇంకా అందులోనే ఉన్నాను) బిగించి చూశారు. దూరలేదు. తీసి బిగిస్తే దూరింది. ఇలా మూడుసార్లు. వడియాలు ఆగిపోయాయి.

‘కొక్కెం ఒకపక్క అరిగిపోనాదిరా. బిగిస్తే ఆ పక్కకి జారిపోతాంది. నీ లుంగీ ఆ అరుగుదలలో కూకుంది, అందుకే జారలేదు. నువ్వు సెట్ చేసిందేటీ లేదు.’

నాలుగు గంటల్లో సరిగ్గా పనిచేసింది మావగారి లుంగీ ఒక్కటే. కొక్కెం ఆకురాయితో సాపు చేసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క ఒకటి అడుగున పెడితే చాలన్నారాయన. కొక్కెం విప్పి పట్టుకెళ్లారు. ఇంకా తేలేదు.

లోపలికెళ్లి ఫోన్ చూసుకునేసరికి కుర్రాడు వెళ్లిపోయాడు, మెసేజ్ వచ్చి ఉంది: డెలివరీకి ప్రయత్నించాం, కస్టమర్ అందుబాటులో లేరు. మిషన్‌కి బిగించి ఉన్న కస్టమర్‌ని ఇంకెంత అందుబాటులో పెట్టాలో నాకు తెలీదు.

లుంగీ మడిచి బీరువా అడుగున దాచేశాను, మా ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఇవాళ పొద్దున ముగ్గు వేస్తుంటే పైనుంచి పిన్నిగారు అడిగారు, వీధంతా వినపడేలా: ‘మీ ఆయన నడుం ఎలా ఉందమ్మా?’

‘నడుమా?’ అంది మా ఆవిడ.