డిజైన్ ఎలా ఉన్నా గూగుల్‌కు ఒకటేనా?

చిన్న వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "వెబ్‌సైట్ డిజైన్ మీద డబ్బు తగలేయకండి. గూగుల్ యంత్రం, దానికి కళ్లు లేవు. కోడింగ్ ప్రమాణాలన్నీ చాదస్తం. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే వెతుకు మాటలు) దట్టించండి, వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులు) కొనండి. తెలుగులో ఎవరూ వెతకరు, కావాలంటే తెలుగును బ్యానర్ బొమ్మలో పెట్టుకోండి. నెల తిరిగేసరికి మొదటి పేజీ గ్యారంటీ." దీన్ని నమ్మి నష్టపోయేది మిఠాయి దుకాణం వాళ్లు, చేనేత సొసైటీలు, ఊళ్లో లాడ్జి నడుపుకునేవాళ్లు. వాళ్లకు సైట్లు కట్టిచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాటలకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

"గూగుల్‌కు కళ్లు లేవు, డిజైన్ దండగ"

డిజైన్ అంటే రంగులు, కదిలే బొమ్మలు మాత్రమే అనుకుంటే ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ పేజీని ఎలా కట్టామన్నదీ డిజైనే. పూతరేకులు అమ్మే దుకాణం సైటు ఒకటి ఊహించుకోండి. "బెల్లం పూతరేకులు" అన్న శీర్షిక స్క్రీన్ మీద పెద్దగా కనిపిస్తుంది. కోడ్ తెరిచి చూస్తే అది హెడింగ్ ట్యాగు (ఇది శీర్షిక అని చెప్పే కోడ్ గుర్తు) కాదు, అక్షరాల సైజు పెంచిన మామూలు డివ్ (ఏ అర్థమూ చెప్పని పెట్టె). కింద "రకాలన్నీ చూడండి" అన్న బటన్ ఉంటుంది. నొక్కితే జావాస్క్రిప్ట్ నడిచి వేరే పేజీ వస్తుంది గానీ అందులో లింకు లేదు. మనమైతే నొక్కి ముందుకు వెళ్తాం. పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ బటన్లు నొక్కదు, హెచ్‌రెఫ్ (వెళ్లాల్సిన పేజీ చిరునామా) ఉన్న లింకులను పట్టుకునే వెళ్తుంది. ఆ రకాల పేజీకి సైట్‌మ్యాప్‌లోనో (సైటులోని పేజీల జాబితా) మరోచోటో దారి లేకపోతే, డ్రైఫ్రూట్ పూతరేకుల కోసం వెతికేవాళ్లకు ఆ దుకాణం కనిపించదు. యజమాని మాత్రం సైటు బ్రహ్మాండంగా ఉందనే అనుకుంటాడు.

ఫోన్ సంగతి మరీ ముఖ్యం. 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్ మొబైల్ ఫలితాల్లో ఫోన్‌కు అనువైన పేజీలకు మొగ్గు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సైటు మొబైల్ రూపాన్నే ప్రధానంగా ఇండెక్స్ చేసే (తన వెతుకులాట జాబితాలో చేర్చుకునే) పద్ధతికి మారింది. ఆ మార్పు పూర్తయిందని 2023 అక్టోబరులో ప్రకటించింది. కంప్యూటర్‌లో కనిపించే ధరల పట్టికను "ఫోన్‌లో ఇరుకు" అని తీసేస్తే, ఇండెక్స్‌లోనూ ఆ పట్టిక ఉండదు. వేగానికీ లెక్కలున్నాయి: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలబద్ద. ఫోటోషాప్ నుంచి తీసిన బ్యానర్‌ను సైజు తగ్గించకుండా ఎక్కిస్తే, పల్లెటూరి సిగ్నల్ మీద అది సాధ్యం కాదు. అయితే వేగం ఒక్కటే ఎవరినీ పైకి తీసుకురాదు. వెతికిన దానికి జవాబు పేజీలో లేకపోతే ఎంత వేగంగా తెరుచుకున్నా లాభం లేదు.

"ప్రమాణాలు చాదస్తం"

కోడ్‌లో తప్పులు పట్టే వ్యాలిడేటర్‌లో తప్పులు లేనంత మాత్రాన ర్యాంకు రాదు. ఈ మాట గూగుల్ వాళ్లే చెప్పారు. కాబట్టి "మా కోడ్ నూటికి నూరు శుద్ధం" అని అమ్మజూపేవాళ్లనూ నమ్మనక్కర్లేదు. కానీ కొన్ని తప్పులు చాలా ఖరీదైనవి. పేజీ కోడ్‌లో పైన ఉండే, తెర మీద కనిపించని హెడ్ భాగంలో ట్రాకింగ్ కోసం ఎవరో ఒక బొమ్మ ట్యాగు ఇరికిస్తారు. హెడ్‌లో బొమ్మ ఉండకూడదు కనుక బ్రౌజర్ అక్కడితో హెడ్ అయిపోయిందని తీసుకుంటుంది. దాని కింద రాసిన కెనానికల్ లింకు (ఒకే పేజీకి పలు చిరునామాలుంటే అసలుది ఏదో చెప్పేది) బాడీలోకి, అంటే కనిపించే భాగంలోకి జారిపోతుంది, గూగుల్ దాన్ని లెక్కపెట్టదు. స్క్రీన్ మీద మాత్రం ఏ తేడా కనిపించదు. ఇక సైటు తయారయ్యేటప్పుడు పెట్టిన, ఈ పేజీని ఇండెక్స్ చేయొద్దని గూగుల్‌కు చెప్పే నోఇండెక్స్ ట్యాగును తీయడం మరిచిపోయి సైటును జనంలోకి వదిలేసే వాళ్లున్నారు. ఆ ఒక్క లైను ఉన్నంతకాలం కీవర్డులు, లింకులు ఎన్ని పోసినా బూడిదలో పోసిన పన్నీరే.

"తెలుగులో ఎవరూ వెతకరు, బొమ్మలో పెట్టండి"

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ మాట. ఎందుకంటే దీనివల్ల తెలుగు వెబ్ ఒకసారి ఇప్పటికే నష్టపోయింది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లో, మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. అయినా చాలా ఏళ్లు మన పెద్ద పత్రికల సైట్లు సొంత ఫాంట్ల మీదే నడిచాయి. తెర మీద "రైతు" అని కనిపించేది, లోపల ఉన్నవి మాత్రం వేరే ఏవో గుర్తులు. అందుకే వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే ఎక్స్‌టెన్షన్ కావాల్సివచ్చింది. "రైతు" అని వెతికినవాళ్లకు ఆ వార్తలు దొరికే వీలే లేదు.

ఇప్పటికీ అదే తప్పు వేరే రూపంలో సాగుతోంది. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్‌లో కొట్టించిన మ్యాటర్‌ను పీడీఎఫ్‌గానో జేపీజీగానో సైటులో పెట్టేస్తారు. ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. అర్థంలేని గుర్తులు వస్తే గూగుల్‌కూ అందేవి అవే. హెడింగులు, మెనూల్లాంటి ముఖ్యమైన మాటలను బొమ్మల్లో పెట్టొద్దని గూగుల్ తన సూచనల్లో స్పష్టంగా రాసింది. బొమ్మలో ఉన్న తెలుగును చూపు లేనివారి ఫోన్‌లోని స్క్రీన్‌రీడర్ కూడా చదవలేదు. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని అమెరికా పిల్లలు దాన్ని ట్రాన్స్‌లేట్ చేసుకోవాలన్నా కష్టమే. బొమ్మ తప్పనిసరైతే ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకు కోడ్‌లో జోడించే వివరణ) అందులో ఉన్నదేమిటో రాయాలి. "ఐఎంజీ 01" అని కాదు, "అరిటాకులో పేర్చిన బెల్లం పూతరేకులు" అని.

"తెలుగు ఫాంట్లు అందంగా ఉండవు, అందుకే బొమ్మ" అనేవారికి: గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి, గిడుగు, పెద్దన లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఒకటో రెండో చాలు, పది ఎక్కిస్తే పేజీ బరువెక్కుతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవాళ్లూ ఉన్నారు, కాదనను. పూతరేకులకే ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగులు వాడతారు. అందుకని పేజీలో తెలుగుతో పాటు ఇంగ్లీషు పేరు కూడా ఒకటి రెండు చోట్ల సహజంగా రాస్తే సరిపోతుంది. తెలుగును తీసేయడానికి అది కారణం కాదు.

"మెటా కీవర్డ్స్ దట్టించండి"

వెబ్ ఫలితాల ర్యాంకింగ్‌లో ఆ ట్యాగును అసలు వాడడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పేసింది. దాని కోసం డబ్బు అడిగేవారికి ఇవ్వకండి.

"వెయ్యి బ్యాక్‌లింకులు కొనండి"

లింకులకు విలువ ఉన్న మాట నిజం. గూగుల్ మొదలైందే ఆ ఆలోచన మీద. కొన్న లింకుల సంగతి వేరు. అమెరికాలో జేసీ పెనీ అనే పెద్ద స్టోర్ల సంస్థ సైటుకు సంబంధం లేని వందలాది సైట్ల నుంచి డబ్బిచ్చి పెట్టించిన వేల లింకులు ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకుంది. ఒక రకం లగేజీ సంచుల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న సైటు రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. తమకు తెలియకుండా జరిగిందని సంస్థ చెప్పుకుంది, వెతుకులాటలో సైటును పైకి తెచ్చే పని (ఎస్ఈఓ) చూసే తన కంపెనీని తీసేసింది. ఏజెన్సీ చేసిన పనికి దెబ్బ తగిలింది సైటు యజమానికి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు వచ్చాక ఇలాంటి లింకుల మీద నిఘా ఇంకా పెరిగింది. అంత పెద్ద సంస్థ తట్టుకుంది. ఆత్రేయపురంలో ఒక కుటుంబం నడుపుకునే దుకాణం తట్టుకోగలదా?

"మొదటి పేజీ గ్యారంటీ"

మొదటి స్థానం ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. ఇలాంటి గ్యారంటీల్లో ఒక కిటుకు ఉంటుంది: మీ దుకాణం పూర్తి పేరుతో వెతికితే మొదట వచ్చేలా చూపిస్తారు. ఆ పేరు ఇంకెవరికీ లేనప్పుడు అది ఎలాగూ వస్తుంది. లేదా ప్రకటన కొని, పైన "స్పాన్సర్డ్" అని ఉన్నదాన్ని చూపిస్తారు. ప్రకటనకు డబ్బు కట్టడం ఆగిన రోజున అది మాయమవుతుంది.

గ్యారంటీ అడగాలంటే చేతిలో ఉన్న పనికి అడగండి. గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం ఉచితం, అది మీ సొంత జీమెయిల్ పేరిట ఉండాలి, ఏజెన్సీ పేరిట కాదు. అందులో ఏ పేజీలు ఇండెక్స్ అయ్యాయి, కానివి ఎందుకు కాలేదు, జనం ఏ మాటలతో వెతికి వచ్చారు అన్నవి కనిపిస్తాయి. ప్రతి పేజీకి వేరే టైటిల్, అసలైన హెడింగులు, యూనికోడ్‌లో తెలుగు, హెచ్‌రెఫ్ ఉన్న లింకులు, ఫోన్‌లో తెరుచుకునే వేగం: ఇవి రాతపూర్వకంగా రాయించుకుని, అవి చూపించాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి.